రద్దీ లేని వారం

రైల్వే స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చునే గుమాస్తాకి జనమంటే పడదు. సెలవులొస్తే చాలు, ఊరు ఊరంతా పెట్టెలతో, పరుపు చుట్టలతో, ఏడ్చే పిల్లలతో వచ్చి ఆయన కిటికీ మీద పడేది. బండి ఎప్పుడొస్తుందని అడిగినవాడే వెళ్లి మళ్లీ వరసలో నిలబడి, తన వంతు రాగానే మళ్లీ అదే అడిగేవాడు. అందుకే పెళ్లయినప్పటినుంచీ సెలవుల్లో ఆయన గడప దాటలేదు, భార్యని దాటనివ్వలేదు.

ఆవిడ బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసేది. వచ్చినవాళ్లంతా విదేశాల కబుర్లు చెప్పి, కొలతలిచ్చి పోయేవాళ్లు. వినీ వినీ ఒకరోజు తెగించింది.

"ఈసారి నేనూ అమ్మా విదేశం వెళ్తున్నాం. మీరొస్తే రండి, లేకపోతే ఇల్లు చూసుకోండి."

"నేను వద్దన్నానా? సెలవుల్లో మాత్రం కాదు."

"ఎప్పుడైనా సరే బాబూ, నేను బతికుండగా అయితే చాలు," అంది అత్తగారు లోపలినుంచి.

గుమాస్తా కేలెండర్ ముందేసుకున్నాడు. బడులు నడుస్తూ, ఆఫీసులు తెరిచి, పండగన్న మాటే లేని వారం ఒకటి పట్టాడు. ఆ వారం ఇంకెవరూ అడగరు గనక పై అధికారి చదవకుండానే సెలవు మంజూరు చేశాడు. విమానం టికెట్లమ్మే కుర్రాడు మాత్రం కాస్త నసిగాడు.

"సార్, ఆ వారం అక్కడ..."

"చలా?"

"చలి కాదండీ, అక్కడి వాళ్లకి..."

"ఇక్కడేమైనా సెలవులున్నాయా?"

"ఇక్కడ లేవండి."

"అయితే చాలు. కొట్టెయ్."

విమానం సగం ఖాళీ. అత్తగారు మూడు సీట్ల మీద కాళ్లు చాపుకుని పడుకుంది. విమానాన్ని తానే దగ్గరుండి ఖాళీ చేయించినట్టు గుమాస్తా భార్యకేసి చూశాడు. దిగాక వీధులు ఇంకా బోసిగా ఉన్నాయి. రోడ్డు మధ్య ఒక పిల్లి తీరిగ్గా ఒళ్లు నాక్కుంటోంది. "చూశావా?" అన్నాడాయన, మీసం మీద చెయ్యి వేసుకుని.

కానీ కడుపులు కాలడం మొదలయ్యాక చూస్తే ఒక్క హోటలూ తెరిచిలేదు. మ్యూజియానికి తాళం. పార్కుకి తాళం. బసకి తిరిగొచ్చేసరికి బల్ల దగ్గరుండే అమ్మాయి సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతోంది. తమ దేశంలో ఇది పెద్ద సెలవుల వారమనీ, అందరూ సొంతూళ్లకి పోతున్నారనీ, తానూ పోతున్నాననీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. వీధి తలుపు తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, బయటికెళ్తే పూలకుండీ కింద పెట్టమంది.

"ఊళ్లో జనం లేకుండా చూడమంటే, తిండి కూడా లేకుండా చూశారేంటి అల్లుడుగారూ?" అంది అత్తగారు.

భార్య మొగుడి మీసంకేసి చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఎక్కడైనా ఏదైనా తెరిచి ఉంటుందా అని ఆ అమ్మాయిని అడిగాడు.

"రైల్వే స్టేషన్," అంది.

ఆయన మొహం పాలిపోయింది. తాళం వేసి, తాళంచెవి కుండీ కింద పెట్టి, ఆడవాళ్లిద్దరి వెనకే కాళ్లీడ్చుకుంటూ నడిచాడు.

స్టేషన్లో ఇసకేస్తే రాలని జనం. భార్య మోచేతులతో దారి చేసుకుని వెళ్లి రొట్టె, ఉడికిన గుడ్లు కొనుక్కొచ్చింది. బెంచీ మీద కూర్చున్న లావుపాటావిడ మనవడిని ఒళ్లోకి లాక్కుని అత్తగారికి చోటిచ్చింది. ముగ్గురూ తింటుండగా మైకు మోగింది. గుమాస్తా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"బండి ఆలస్యం," అన్నాడు.

"వాళ్ల భాష మీకెప్పుడొచ్చింది?" అంది భార్య.

"భాషతో పనేముంది? ఆ గొంతులో జాలి విను. రోజంతా నేను పడే జాలే అది."

అంతలో జనమంతా ఉసూరుమన్నారు. భార్య మొదటిసారి మొగుణ్ని కాస్త గౌరవంగా చూసింది.

"ఎంతసేపట?"

"అది వాళ్లకీ తెలీదు."

ఆవిడకి నవ్వాగలేదు. లావుపాటావిడకి ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వి, ఎక్కడికన్నట్టు అత్తగారికి చెయ్యి తిప్పి చూపింది. "ఏమో తల్లీ, ఎటో అటు," అంది అత్తగారు తెలుగులోనే. ఆవిడకి ఏం అర్థమైందో గానీ, బండి రాగానే ఒక చేత్తో మనవడినీ, ఇంకో చేత్తో అత్తగారినీ పట్టుకుని పెట్టెలోకి ఎక్కించేసింది. తల్లి వెనక కూతురు, కూతురి వెనక అల్లుడు. తలుపులు మూసుకున్నాయి.

"టికెట్ లేదే! నేను రైల్వే ఉద్యోగినే!" అన్నాడు గుమాస్తా గొంతు తగ్గించి. ఒంటికాలి మీద నిలబడి, ఎవరి గొడుగో పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే టికెట్ల తనిఖీ అధికారి కోసం దొంగలా ఎదురుచూశాడు. ఆ అధికారి వచ్చాడు. లావుపాటావిడ మనవడు ఒళ్లో నిద్రపోతుంటే తనూ గుర్రుపెడుతున్న అత్తగారిని చూసి నవ్వుకుని, ఆఖరి స్టేషన్ దాకా ముగ్గురికీ టికెట్లు రాసిచ్చాడు. అప్పుడుగానీ గుమాస్తా రెండో కాలు కింద పెట్టలేదు.

ఆఖరి స్టేషన్ సముద్రం ఒడ్డున ఉంది. కిటికీలో నీళ్లు కనబడగానే పెట్టెంతా ఒక్కసారి అటు ఒరిగింది. భార్య అద్దానికి ముక్కు ఆనించి, పక్కకి తిరగకుండానే మొగుడి చొక్కా పట్టుకుని లాక్కుంది. మీద పడుతున్న జనంలో ఆయన ఆవిడ భుజానికి అతుక్కుని, నీళ్లకేసి చూశాడు.

"కాస్త జరుగు," అన్నాడు చివరికి. "వెనక వాళ్లకి కనబడటం లేదు."