ఉన్నిలోంచి రాలిన నాలుగక్షరాలు

కోక్-తాల్ ఊళ్లో ఎండాకాలం చివర ఆడవాళ్లందరికీ ఒకటే పని, ఉన్ని కొట్టడం. వాకిట్లో ఎండిన ఆవుతోలు పరిచి, దానిమీద గొర్రెల ఉన్ని పోసి, చుట్టూ కూర్చుని బెత్తాలతో బాదుతారు. దుమ్ము లేస్తుంది, గొంతులూ లేస్తాయి, ఊళ్లో ఎవరి గుట్టూ దాగదు. ఉన్ని పొంగేకొద్దీ అందులోంచి ఎండుగడ్డి, ముళ్లకాయలు, అక్షరాలు రాలతాయి. గడ్డి పొయ్యిలోకి, ముళ్లకాయలు పెంటకుప్ప మీదికి, అక్షరాలు జూరా ఒళ్లోకి పోతాయి.

జూరాకి నలభై రెండేళ్లు. జిల్లా పత్రిక మూతపడేదాకా పందొమ్మిదేళ్లు అక్కడ కంపోజిటర్‌గా సీసపు అక్షరాలు పేర్చింది. మూసేసిన రోజున గళ్ల పెట్టె ఒకటి ఇంటికి తెచ్చుకుంది. ఉన్నిలో రాలేవీ అలాంటి సీసపు అక్షరాలే, గోరంత. ఎవరి ఉన్నిలో రాలితే ఆ ఇంటికి ఆ మాట. అయితే అవి బుద్ధిగా వరసలో రాలవు కదా. హల్లు ఓ మూల, అచ్చు ఓ మూల చెల్లాచెదరుగా పడతాయి. వాటిని కూర్చి మాటేదో, అర్థమేదో చెప్పడం జూరా వంతు. చెప్పాక, అచ్చాఫీసు అలవాటు ప్రకారం, ఆఖరిసారి వరసగా పెట్టి చదువుకుని, విడదీసి ఏ గడిది ఆ గడిలో వేసేస్తుంది.

ఒక్కసారి ఆమె తప్పు చదివింది. మూడేళ్ల కిందట పక్కింటి సెయిల్ వాళ్ల ఉన్నిలో ‘బ్’, ‘ల్’, ‘క్’, రెండు ‘అ’లు రాలాయి. జూరా ‘బల్క’ అని పేర్చింది. అంటే వాళ్ల భాషలో సుత్తి. సెయిల్ మొగుడు సుత్తి పారేసుకుని అప్పటికి వారం, అందరూ పడీపడీ నవ్వారు. సుత్తి దొరకలేదు. ఆ చలికాలం కొండమీద గొర్రెల కాపలాకి గుడిసెలో ఉన్న ఆ మనిషి మంచుచరియ కింద పోయాడు. అప్పుడు గాని జూరాకి తట్టలేదు, అవే అక్షరాలు ‘కల్బ’ కూడా అవుతాయని. అంటే, ఉండకు అని. సెయిల్ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బావుండేదని జూరా ఇప్పటికీ అనుకుంటుంది.

ఈ ఏడు కొడుతున్నది జూరా ఇంటి ఉన్నే, ఉయ్యాలలో పరుపు కోసం. పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఆమె కడుపు పండలేదు. తోడికోడలు బురుల్‌కి నలుగురు మగపిల్లలు, ఇప్పుడు ఎనిమిదో నెల. “ఈసారి పుట్టేది జూరాది,” అని అత్త అందరి ముందూ అనేసింది. పిల్లలున్నవాళ్లు లేని తోబుట్టువుకి ఒకరినివ్వడం అక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. బురుల్ తల వంచుకుని సరేనంది.

“గట్టిగా కొట్టవే,” అంది అత్త. “పరుపు గరుగ్గా ఉంటే నీ బిడ్డ ఏడ్చి నా చెవులు తింటుంది.”

“నీకు వినపడి చస్తేగా అత్తా.”

“నాకు కావలసినవి వినపడతాయిలే.”

అప్పుడే జూరా బెత్తం కింద నాలుగు అక్షరాలు రాలాయి. ‘బ్’, ‘ల్’, రెండు ‘అ’లు.

“బల,” అని ముందుగా చదివింది సెయిలే. “బిడ్డ, జూరా. నీ ఇంటికి బిడ్డొస్తోంది.”

ఆడవాళ్లంతా ఆమె వీపు నిమిరారు. జూరా కూడా నవ్వింది. కానీ వేళ్లు ఊరుకోక అక్షరాలని అటూ ఇటూ జరిపి చూశాయి. ‘అల్బ.’ అంటే, తీసుకోకు. ఏమీ అనకుండా నాలుగింటినీ జేబులో వేసుకుంది. ఆ నాలుగూ పెట్టెలోకి వెళ్లలేదు.

బురుల్‌కి ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులు తల్లి పాలు, నలభయ్యో రోజు నలభై చెంచాల నీళ్లతో స్నానం, ఆ తర్వాత పెంచే తల్లి చేతికి, అదీ ఆనవాయితీ. జూరా నలభై ఇళ్లు తిరిగి నలభై గుడ్డముక్కలు అడిగి తెచ్చి చొక్కా కుట్టింది. ఆమె మొగుడు ఎసెన్, ట్రాక్టరు తప్ప ఏదీ తుడిచి ఎరగనివాడు, ఉయ్యాలని నూనె రాసి తుడిచాడు.

ఒక పొద్దున జూరా మాంసం చారు తీసుకుని వెళ్లేసరికి బురుల్ మొహం గోడవైపు తిప్పుకుని పాలిస్తోంది.

“మెడ పట్టేస్తుందే. ఇటు తిరుగు.”

“వద్దక్కా. మొహం చూస్తే ఇవ్వలేను. ఇంతవరకూ చూళ్లేదు.” చూడకుండానే పిల్లని ఒళ్లో సర్దుకుంటూ అంది, “వాసన మాత్రం తెలిసిపోతోంది, దానికేం చెయ్యను. నువ్వు బెంగపడకు. మాటంటే మాటే.”

జూరా చారు అక్కడ పెట్టి వచ్చేసింది. రోజంతా జేబులో అక్షరాలు తడుముకుంటూనే ఉంది. తను నోరు మెదపకపోతే ఆ పిల్ల తనది. ఎవరూ అడగరు. ఈ పిల్ల తప్ప ఇంక ఈ జన్మకి ఇంకో బిడ్డ లేదు, ఆ సంగతీ ఆమెకి తెలుసు.

నలభయ్యో రోజున ఆడవాళ్లు తలా ఓ చెంచా నీళ్లు పోశారు. అత్త పిల్లకి నలభై ముక్కల చొక్కా తొడిగి జూరా చేతుల్లో పెట్టింది. జూరా పిల్ల మాడు ఒకసారి వాసన చూసింది. తర్వాత జేబులోంచి నాలుగు అక్షరాలు తీసి విందుకి పెట్టిన రొట్టెల పక్కన పేర్చింది.

“ఆ రోజు తప్పు చదివాం. ఇది బల కాదు. అల్బ.”

బురుల్ కళ్లు అక్షరాల మీదే ఉన్నాయి.

“రెండూ అవుతుంది కదే పిచ్చిదానా,” అంది అత్త. “మనకి నచ్చింది చదువుకుంటే పోలా?”

“ఒకసారి అందరికీ నచ్చిందే చదివానత్తా.”

సెయిల్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టింది. లేచొచ్చి, జూరా చేతుల్లోంచి పిల్లని తీసుకుని బురుల్ ఒళ్లో పడుకోబెట్టింది. బురుల్ అప్పుడు చూసింది బిడ్డ మొహం. చూసి, ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఏడ్చింది.

ఎసెన్ ఆ సాయంత్రం ఉయ్యాల భుజాన వేసుకుని తమ్ముడి ఇంట్లో దించి వచ్చాడు. వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ అడిగాడు.

“అది నిజంగా అల్బేనా?”

“అవును,” అంది జూరా.

అతను లోపలికి వెళ్లాక ఆమె గళ్ల పెట్టె తెరిచి, విడదీసేముందు అలవాటుగా నాలుగు అక్షరాలూ వరసలో పెట్టింది. వేళ్లు ఆమెని అడగకుండానే ‘బల’ అని పేర్చాయి. జూరా దాన్ని ఒకసారి చదువుకుంది. తర్వాత ‘బ్’ని ‘బ్’ గడిలో, ‘ల్’ని ‘ల్’ గడిలో, రెండు ‘అ’లనీ వాటి గడిలో వేసి, మూత పెట్టేసింది.