చక్రానికి వేసిన తాళం

నేను ఒక ఇనుప తాళాన్ని. తలుపుకు వేసేదాన్ని కాదు, కారు చక్రానికి వేసేదాన్ని. హనుమకొండలో ఒక వెల్డింగ్ షాపులో పాత గేటు ఊచలతో నన్ను చేశారు. దూరం నుంచే కనబడాలని పసుపు రంగు పూశారు. నొప్పి తెలియని జాతి మాది. పట్టుకోమంటే పట్టుకుంటాం, వదలమంటే వదులుతాం.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పార్కింగ్ కాంట్రాక్టరు నన్ను కొన్నాడు. గీత దాటి నిలిపిన బండికి నన్ను తగిలించడం, ఐదొందలు కడితే విప్పడం, అదీ ఏర్పాటు. ఆ సంగతి రాసిన బోర్డు లోపలెక్కడో జనరేటరు వెనక ఉండేది. జరిమానా పడ్డాకే జనం దాన్ని చదివేవాళ్లు. కాపలా ఉండే సమ్మయ్య దసరాకు నాకు బొట్టు పెట్టి నిమ్మకాయ కోసేవాడు. నా వల్ల రోజూ తిట్లు తినే మనిషి నాకే దండం పెట్టేవాడు. మనుషుల తీరు నాకెప్పుడూ అంతుపట్టలేదు.

ఒక మధ్యాహ్నం నన్ను తెల్ల కారుకు తగిలించారు. అది కుట్టుపని నేర్పే స్వరూపది. ఆమె భర్త సారంగపాణి విషయంలో డాక్టర్లు చేతులెత్తేశారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. బయట పోయిన మనిషిని వాళ్లలో ఇంట్లోకి తేరు, వాకిట్లోనే పడుకోబెడతారు. ఆయన సొంతిల్లు కట్టుకుని ఏడాది కూడా కాలేదు. ప్రాణంతో ఆ గడప దాటాలన్నది ఒక్కటే ఆయన కోరిక.

స్వరూప కారును మెట్ల దాకా తెచ్చి, ఆయన కోసం లోపలికి వెళ్లింది. ఆ కాసేపట్లోనే నేను చక్రాన్ని పట్టుకున్నాను. ఆయన్ను వెనక సీట్లో పడుకోబెట్టాకే ఆమె నన్ను చూసింది. వెంటనే డబ్బు తీసి సమ్మయ్యకిచ్చింది.

"తాళంచెవి సూపర్‌వైజర్ తాన ఉన్నదమ్మా. అన్నానికి పోయిండు," అన్నాడు సమ్మయ్య. ఫోన్ ఎత్తడం లేదని చెప్పి, ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

"ఇల్లు వచ్చిందా?" అని వెనక సీట్లోంచి వినపడింది.

"వస్తున్నది. జరసేపే," అంది స్వరూప.

ఆటో వచ్చేసరికి ఆయన పోయాడు. సూపర్‌వైజర్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నన్ను విప్పాడు. రసీదు కూడా ఇచ్చాడు.

స్వరూప వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. డబ్బు కట్టి రసీదు తీసుకున్నారు కనుక ఒప్పుకున్నట్టేనని జిల్లాలో కొట్టేశారు. ఆమె హైదరాబాదులో అప్పీలు చేసింది. నేను పట్టుకుంటే చక్రం మీద గీటు కూడా పడదని చూపించడానికి కాంట్రాక్టరే నన్ను అక్కడ దాఖలు చేశాడు. నిజమే, పడదు. భర్త సంగతి చెబితే జడ్జీలు కరుగుతారని వకీలు నా ముందే ఆమెకు నచ్చజెప్పాడు.

"ఆయన ముచ్చట రాయకుండ్రి సార్. అయ్యో పాపమని గెలిపిస్తే నాకొద్దు. బండిని ఆపే హక్కు వాళ్లకు లేదని రాయాలె."

అందుకే చట్టం ఒక్కటే మాట్లాడింది. లోపలికి వచ్చేముందు కనబడని షరతు షరతే కాదనీ, ఒకరి బండిని బంధించే అధికారం ప్రైవేటు మనిషికి లేదనీ, విడిపించుకోవడానికి కట్టిన డబ్బు ఒప్పుకోలు కాదనీ వకీలు వాదించాడు. గెలిచారు. తీర్పులో సారంగపాణి పేరు ఎక్కడా లేదు. స్వరూప దాన్ని మొత్తం చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ ముఖంలో ఏడుపూ లేదు, సంతోషమూ లేదు. నేనూ ఇన్నేళ్లూ అలాగే ఉన్నాను.

నన్ను తీసుకుపోవడానికి కాంట్రాక్టరు రాలేదు. పాత సామానుకు వేసేస్తామని గుమాస్తా అంటే ఆమె నన్ను అడిగి తెచ్చుకుంది. వాకిట్లో, ఆయన్ను పడుకోబెట్టిన చోట దించింది. పొద్దున్నే నా చుట్టూ ఊడుస్తుంది, నన్ను మాత్రం జరపదు. ఎదురుగా గడప కనబడుతూ ఉంటుంది. వానలు మొదలయ్యాక, తుప్పు పడుతున్నది, లోపల పెట్టరాదా అని పక్కింటావిడ అడిగింది.

స్వరూప చీపురు ఆపి నా వైపు చూసింది.

"ఆయన్నే లోపలికి తేకపోతిమి. దీన్నెట్ల తెస్త?"