అడగకముందే ఇచ్చిన కొడవలి

నెల్లికుదురు దారిలో ఒకప్పుడు తండా వాళ్లు పశువులు మేపుకున్న బీడులో ఇప్పుడు పార్కు ఉంది. దాని కాపలాదారు పురుషోత్తం. పార్కుల సంస్థ అతనికి ఖాకీ చొక్కా, ఈల ఇచ్చింది. ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పే నిబంధనల పుస్తకం మాత్రం బీరువాలో భద్రంగా దాచింది.

ఒక ఉదయం తండాకు చెందిన రుక్కి కంచె వారగా గడ్డి కోస్తోంది. ఈనిన బర్రెకు పచ్చిమేత కావాలి. అక్కడ పాము తిరుగుతోందని చెప్పడానికి పురుషోత్తం ఆమె వైపు నడిచాడు. అతను నోరు తెరవకముందే రుక్కి కొడవలిని అతని కాళ్ల దగ్గర పెట్టి చేతులు జోడించింది.

"తప్పయింది సారూ!"

పుట్టి బుద్ధెరిగాక ఎవరూ సారూ అని పిలవని మనిషికి ఆ పిలుపు ఎంత తీపో పాఠకులు ఊహించగలరు. పాము సంగతి మరిచిపోయి, కొడవలి తీసుకెళ్లి తన గదిలో పెట్టాడు. ఆ రుచి మరిగాక తండా ఆడవాళ్లలో ఎవరు కనిపించినా వాళ్ల కొడవలి ఆ గదికే చేరింది. రుక్కి అరువు అడుగుదామన్నా ఇరుగుపొరుగు దగ్గర కొడవలి లేకుండా పోయింది.

"సారూ, జర నా కొడవలి ఇయ్యుండ్రి. బర్రె పాలు తగ్గినయి, దూడకే సాల్తలెవ్వు," అని రోజూ గేటు దగ్గర బతిమాలింది.

"పై ఆఫీసర్లు రావాలె," అనేవాడు గంభీరంగా.

వారానికి పై ఆఫీసరు రానే వచ్చింది. పద్మలత తనిఖీ చేస్తూ గది మూల కొడవళ్ల కుప్ప చూసి ఆగింది.

"ఇవేంది పురుషోత్తం? ఏ అధికారంతో గుంజుకున్నవ్?"

"గుంజుకోలే మేడం. రుక్కిని అడగను గూడ అడగలే. ఆమెనే ఇచ్చింది."

పద్మలత గేటు దగ్గరున్న రుక్కిని పిలిచింది. "అడగకముందే ఎందుకిచ్చినవ్ అక్కా?"

"ఖాకీ అగుపడితే కింద పెట్టుడే గద మేడం. అడివిల మా అవ్వ గొడ్డలి పెట్టేది. నేను కొడవలి పెట్టిన."

పద్మలతకు సిగ్గేసింది. బీరువా తెరిపించి, పురుషోత్తం చేతనే పుస్తకం చదివించింది. మొక్కలు విరిస్తే మందలించి బయటికి పంపవచ్చు. గడ్డి కోతకు అడ్డు లేదు. వస్తువు స్వాధీనం చేసుకోవాలంటే పోలీసులు రావాలి, కాగితం రాసివ్వాలి. చదువుతున్నకొద్దీ అతని గొంతు సన్నబడింది.

పద్మలత కొడవలిని రుక్కి చేతికిచ్చింది. "ఇంకోసారి ఎవరన్న తీసుకుంటే కాయిదం అడుగు అక్కా."

"అడిగితే కొట్టరా మేడం?"

 పద్మలత, పురుషోత్తానికి కూడా వినబడేలా చెప్పింది.

"కొట్టే హక్కు ఎవ్వరికీ లేదు. చట్టం మాకిచ్చిన అధికారం కొంచెమే అక్కా. మిగిలిందంతా మీ భయంల నుంచి మేం తీసుకున్నం."