సౌండు తీసేసిన సినిమా

"ఆ డాక్టరే సంపినాడు. కావాలంటే సూడు మా," అన్నాడు హాల్లోంచి ముద్దుకృష్ణ.

వంటింట్లో రాగిసంగటి కెలుకుతున్న వసుధకు నవ్వొచ్చింది. టమోటా మండీ నుంచి మధ్యాహ్నానికి ఇల్లు చేరి, టీవీలో ఏదో ఒక హత్య సినిమా పెట్టుకుని, సగం కాకముందే హంతకుణ్ణి తేల్చేయడం తన మొగుడి సరదా. పక్కనే పాపను ఒళ్ళో వేసుకుని కూర్చునే అత్త అక్కమ్మ, కొడుకు ఎవరి పేరు చెబితే వాళ్ళనే అనుమానిస్తుంది. వసుధ సంగటి ముద్దలు చేసి, గుంట పెట్టి నెయ్యేసి, చెనక్కాయల చట్నీతో కంచం తెచ్చి అతని ముందు పెట్టింది. పెడుతూ టీవీ వైపు చూసింది. నోరు జారింది.

"డాక్టరు కాదు, ఆ వదినె. చప్పుడు కాకుండా ముందుగానే గాజులు తీసి పెట్టేసింది, సూడలేదా?"

పాప వీపు మీద జోకొడుతున్న అక్కమ్మ చెయ్యి ఆగింది. ముద్దుకృష్ణ తలెత్తాడు.

"ఈ సినిమా ఎప్పుడు సూసినావు మే?"

"సూడలేదు. ఊరికే అట్ల అనిపించింది."

"సరే. సూద్దాంలే," అని సంగటి తుంచుకున్నాడు.

వసుధ వంటింట్లోకి వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది. ఫోను చూడకూడదన్నది ఈ ఇంట్లో మాట. "పాలిచ్చే తల్లి ఫోను సూస్తే పిల్ల కండ్లు పోతాయి" అని అత్త. "నేను ఫోన్ జేస్తే ఎత్తేదానికి ఇచ్చినా, సినిమాలకు కాదు. ఇంటరు కూడా ముగించనిదానికి సినిమాల్లో ఏం అర్థమైతాది" అని మొగుడు. ఇంటరు ముగించనీయనిది ఎవరని ఆమె అడగలేదు. సంబంధం కుదిరాక పరీక్షలు ఎందుకన్నది వీళ్ళే. ఒకసారి ఫోను చూస్తూ పాలు పొంగించేసినప్పుడు అతను గొంతు కూడా పెంచలేదు. "ఇంకోసారి ఫోను సూస్తే నిన్ను పుంగనూర్లో మీ నాయన ఇంట్లో దించేసి వస్తా. పాప మాత్రం ఈడ్నే ఉంటాది," అన్నాడు, రేపు లారీ ఎన్నింటికి వస్తుందో చెప్పినంత మామూలుగా. అరిచి ఉంటే ఇంత భయపడేది కాదేమో.

అయినా మానలేకపోయింది. అత్త తిని నడుం వాల్చాక, తలుపు వారగా కూర్చుని, పాపకు పాలిస్తూ సౌండు మొత్తం తీసేసి చూస్తుంది. ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. పెట్టుకుంటే గేటు చప్పుడు వినపడదు. అందుకని మాటలు లేకుండానే ముఖాలు చూసి, చేతులు చూసి కథ అల్లుకుంటుంది. గాజులు కంటపడింది అట్లాగే. మాటలు వింటున్నవాళ్ళకు చేతులు కనబడవు.

హాల్లో సినిమా నడుస్తోంది. ఈ సినిమా గొంతులు ఆమె వినడం ఇదే మొదలు. ఒక్కో గొంతును ఒక్కో ముఖానికి తగిలించుకుంటూ, ఇంకెంత సేపు మిగిలిందో లెక్కేసుకుంటూ గిన్నెలు తోమింది. కథ మారిపోతే బాగుండు. ఈ ఒక్కసారికి ఆ డాక్టరే చంపి ఉంటే బాగుండు. అత్త ఒళ్ళో పాప ఏడిస్తే రవిక తడిసింది. వెళ్ళి ఎత్తుకోవాలన్నా హాల్లో వాళ్ళ ముందుకు పోవాలి.

"అయ్యో, వదినె గదరా నాయనా," అంది అక్కమ్మ.

టీవీ ఆగింది. ముద్దుకృష్ణ చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చాడు. నిదానంగా వేలు వేలూ కడుక్కున్నాడు.

"తెలివిగల్లదానివే. మండీకి పోయొస్తా. సాయంత్రానికి గుడ్డలు సర్దుకో. నేనొచ్చినాక ఫోను నాకిచ్చేయి. పుంగనూర్లో మీ నాయన టీవీలో సూసుకుందువు, సినిమాలు."

"పాప?"

"చెప్పినా గదా ముందే."

గేటు పడింది. అక్కమ్మ ఏమీ ఎరగనట్టు పాపను తెచ్చి వసుధ ఒళ్ళో పడేసి, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. పాప పాలు తాగుతుంటే వసుధ ఫోను తీసింది. పుంగనూరు బళ్ళో తనతో చదువుకుని, ఇప్పుడు కుప్పంలో కుట్టుమిషన్ పెట్టుకున్న చంద్రిక గొంతు అందులో ఉంది. చూసిన సినిమాల మీద ఇద్దరూ అభిప్రాయాలు ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపుకుంటారు. వసుధ చంద్రికవి కూడా ఫోను చెవికి నొక్కిపెట్టుకునే వింటుంది. మొన్న తను చూసిన యుద్ధం సినిమా గురించి వసుధ గుసగుసగా చెప్పి పంపింది. "బాంబులు, తుపాకులు నాకేం గుర్తులేవు మే. సిపాయిలు ఇల్లంతా ఎతుకుతా ఉంటే రోట్లో పిండి రుబ్బతా ఉంటాదే, ఆ ఆడమనిషే గుర్తుండాది. గేటు చప్పుడుకే ప్రాణం పోతాంది ఆమెకు. పెదాలు కదలతా ఉంటాయి, దేవుణ్ణి మొక్కుకుంటాంది పాపం."

దానికి చంద్రిక జవాబు ఇంకోసారి పెట్టుకుంది. ముందు పెద్ద నవ్వు. "మొక్కుకుంటాందా? నీకు చెవులు లేవా మే? ఆయమ్మ వాళ్ళను తిడతాంది. ఒక్కొక్కణ్ణే పట్టుకొని, వాళ్ళ పుట్టుక కాడినుంచి తిడతాంది. సౌండు పెట్టి సూడు."

సౌండు లేకుండా చూస్తానని వసుధ చంద్రికకు ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకో చెప్పాల్సి వస్తుందని సిగ్గు.

ఆ యుద్ధం సినిమా ఫోన్లో పెట్టింది. ఆ ఆడమనిషి పిండి రుబ్బే చోటికి జరిపింది. సౌండు మొత్తం పెట్టేసింది.

గొంతు ఇల్లంతా నిండింది. బొంగురు గొంతు, ఎక్కడా తొట్రుపాటు లేదు. పొత్రం తిరుగుతూనే ఉంది, తిట్లు వస్తూనే ఉన్నాయి. మొన్న ఆ ముఖంలో తను చూసిన భయం ఎవరిది?

"ఏందే ఆ రచ్చ?" లోపలినుంచి అక్కమ్మ.

"సినిమా అత్తా."

మళ్ళీ వెనక్కి జరిపి అదే పెట్టింది, మళ్ళీ అదే. తన పెదాలు కూడా ఆమెతో పాటు కదులుతున్నాయని కొంతసేపటికి తెలిసింది. ఎండ గడప దిగింది. గుడ్డలు సర్దలేదు. బయట బండి ఆగింది. గేటు చప్పుడైంది. సౌండు తీసేయడానికి వేలు అలవాటుగా ఫోను మీదికి పోయింది. ఆ చేతిని వెనక్కి తీసి పాప తల మీద పెట్టింది.

ముద్దుకృష్ణ చెప్పులు విడుస్తూ లోపలికి చూశాడు.

"ఎవురే ఇంట్లో అట్ల మాట్లాడతాండేది?"

వసుధ పాపను భుజాన వేసుకుని లేచింది.

"నేనే," అంది.