పదిహేడో నంబరు అచ్చు

నా ఫోను ప్లాస్టర్ బకెట్‌లో పడిందని మేస్త్రిగారు చెప్పేసరికి ఆ ప్లాస్టర్ సగం రాయైపోయింది.

"పాపా, ఇందాక బకెట్ మీదికి వంగి చూశావు కదా, అప్పుడే నీ జేబులోంచి ఏదో జారింది. తీద్దామనుకున్నా గానీ చెయ్యి కాలిపోతోంది," అన్నారాయన తాపీగా.

ఆయన్ని అని లాభం లేదు. గట్టిపడుతూ వేడెక్కే ప్లాస్టర్‌లో చెయ్యి పెట్టకూడదన్నది మా కార్ఖానాలో మొదటిరోజు నేర్పే పాఠం. నాకూ నేర్పారు. బకెట్ బోర్లించి, ఉలి పెట్టి, సుత్తితో కొట్టి ఫోను బయటికి తీశాను. అద్దం పగిలింది, ఛార్జింగ్ పెట్టే చోట తెల్లటి రాయి బిగుసుకుంది. ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పోతే పోయింది, పాత ఫోనే కదా అనుకున్నాను. ఒక్క నిమిషం అలాగే అనుకున్నాను. తర్వాత అక్కడే ఉన్న పీట మీద కూలబడ్డాను. పోయింది ఫోను కాదు, ఆరువందల నలభై మంది కాళ్లు.

మా మేనత్త కృత్రిమ కాళ్లు చేస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. తెగిన కాలికి కొలత తీసి, ప్లాస్టర్‌తో అచ్చు పోసి, ఆ అచ్చు మీద కాలు పట్టే సాకెట్ తయారుచేస్తుంది. మొదటిసారి ఏ సాకెట్టూ సరిగ్గా కుదరదు. ఒరుసుకున్న చోట అచ్చుకి కాస్త ప్లాస్టర్ మెత్తాలి, వదులైన చోట గీకాలి. అలా సరిచేస్తూ పోతే ఆరేడేళ్లకి గానీ ఆ మనిషి నొప్పి మర్చిపోయి నడవడు. అందుకే మా దగ్గర బతికున్నవాళ్ల అచ్చు పారేయరు. ఎవరైనా పోయారని కబురొస్తే మాత్రం అత్తయ్య వెనకగదిలోకి వెళ్లి, తలుపేసుకుని, ఆ అచ్చుని తన చేత్తో పగలగొట్టి, రిజిస్టర్‌లో ఆ నంబరు ఎదురుగా తేదీ వేస్తుంది. "మనిషి పోయాక కాలు నిలబడి ఉండకూడదే," అంటుంది.

మూడు నెలల కిందట భవనం యజమాని వెనకగది ఖాళీ చెయ్యమన్నాడు. అచ్చులన్నీ ఎక్కడ పెట్టాలో తెలియక అత్తయ్య అన్నం మానేసింది. అప్పుడు నేను, కంప్యూటర్ తెలిసినదాన్ననే పొగరుతో, ముందుకొచ్చాను. అచ్చులన్నిటినీ స్కాన్ చేద్దాం, క్లౌడ్‌లో ఖాతా తెరిచి దాచేద్దాం, గోడలు కూలినా అక్కడ భద్రంగా ఉంటాయి, కావాల్సినప్పుడు త్రీడీ ప్రింటర్లో సాకెట్ తీసుకోవచ్చు అన్నాను.

"మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నట్టు కాదు కదా?" అన్నారు మేస్త్రిగారు. అందరం నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

ఖాతా తెరిచిన రోజు నా హడావుడి చూడాలి. ఖాతా మొత్తానికి యజమాని పేరు మీద ఒక ప్రధాన ప్రవేశం ఉంటుంది, దాంతో ఏమైనా చెయ్యొచ్చు, అన్నీ చెరిపెయ్యొచ్చు కూడా. దానికి పొడవాటి పాస్‌వర్డ్ పెట్టి, రోజువారీ పనికి ముట్టుకోకూడదని మూసేశాను. ముగ్గురికీ వేరువేరు ప్రవేశాలు ఇచ్చాను. మేస్త్రిగారు చూడగలరు, చెరపలేరు. అత్తయ్య మార్చగలదు, బయటివాళ్లకి పంపలేదు. ఎవరు ఎప్పుడు తలుపు తీసినా నమోదయ్యేలా, రోజూ సాయంత్రం అందరినీ ఖాతాలోంచి బయటికి నెట్టేసేలా పెట్టాను. స్కానర్ కూడా ఖాతా తెరిస్తేనే పనిచేస్తుంది. ఇక అన్నిటికీ రెండో తాళం ఉంది. పాస్‌వర్డ్ కొట్టాక ఫోనులో ఒక యాప్ చూపించే ఆరంకెలు కూడా కొట్టాలి. అవి మెసేజ్‌లో రావు, ఆ ఫోనులోనే పుడతాయి.

అత్తయ్యదీ మేస్త్రిగారిదీ బటన్ల ఫోన్లు. వాటిలో ఆ ఏర్పాటు కుదరదు. అందుకని ముగ్గురి రెండో తాళాలూ, ప్రధాన ప్రవేశం తాళంతో సహా, నా ఫోనులోనే పెట్టాను. వచ్చేవారం చిన్న తాళపు పరికరాలు రెండు కొందాం, అందాకా ఇదే అన్నాను. ఆ వచ్చేవారం మూడు నెలలైనా రాలేదు. దొంగలు రాకుండా ఇన్ని కంచెలు కట్టి, చివరికి కంచే చేను మేసినట్టు నేనే అందర్నీ బయట పెట్టాను.

అచ్చులు అప్పటికే లేవు. స్కాన్ అయినవి అయినట్టు పగలగొట్టేశాం. నా మాట మీదే.

"ఏమైందే? అలా పాలిపోయావేం?" అంటూ అత్తయ్య ముందుగదిలోంచి వచ్చింది. చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

ముందుగదిలో బస్సు కండక్టరమ్మ కూర్చుని ఉంది. సాకెట్ చీలిపోయి, విప్పిన కాలు ఒళ్లో పెట్టుకుని, మధ్యాహ్నానికల్లా కొత్తది ప్రింటర్లో తీసి ఇస్తారనే ధీమాతో గోడకున్న క్యాలెండర్ చూస్తోంది. ఆమె కొలత పద్నాలుగుసార్లు సరిచేశాం. మళ్లీ మొదటినుంచి తీస్తే మళ్లీ ఆ పుండ్లన్నీ ఆమె పడాలి. ఆమెలాంటివాళ్లు ఇంకా ఆరువందల ముప్పై తొమ్మిది మంది.

అత్తయ్య ఫోనుతో ఆ కంపెనీకి చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. యజమాని ఎవరో కాగితాలతో తేల్చుకోవాలట. మూడు వారాలు పట్టొచ్చట. కార్ఖానా కాగితాలన్నీ ఇంకా మా మామయ్య పేరు మీదే ఉన్నాయి, ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. అది విని ఆ అమ్మాయి, అలాగైతే తేలుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది. అంతలో తనే, "మొదటిరోజు అత్యవసర కోడ్లు పది ఇచ్చి ఉంటాం, కాగితం మీద రాసుకోలేదా?" అని అడిగింది.

నేను లేచి నిలబడ్డాను. రాసుకున్నాం! ప్రింటు తీసి అత్తయ్య చేతిలో పెట్టి, "ఎవరికీ దొరకని చోట, ఎప్పటికీ పోని చోట దాచు, నాకు కూడా చెప్పొద్దు," అన్నాను. ఆ రోజు ఆమె గంటసేపు కనపడలేదు. తిరిగొచ్చినప్పుడు మోచేతుల దాకా ప్లాస్టర్ ఉంది. నేను అడగలేదు.

"అత్తా! ఆ కాగితం! ఎక్కడ పెట్టావు?"

అత్తయ్య నా మొహం చూసింది, మేస్త్రిగారి మొహం చూసింది, తలవంచుకుంది.

"అత్తా, పోగొట్టావా?"

"పోలేదు," అంది. "రండి."

వెనకగదిలో ఇంకా ఒక్క అలమరే మిగిలింది. పని నేర్చుకునేవాళ్లు పాడుచేసిన వంకరటింకర అచ్చులు అందులో ఉంటాయి. వాటికి నంబర్లుండవు, వాటి జోలికి ఎవరూ పోరు. అత్తయ్య స్టూలెక్కి, పై అర చివర్నుంచి గోనెపట్టాలో చుట్టిన దాన్ని దింపి బల్ల మీద పెట్టి విప్పింది. మోకాలు, దాని కింద జానెడు కాలు. ముప్పై ఏళ్ల పాతది, పసుపుపచ్చగా మారిపోయింది. మోకాలి పక్కన ఒక చిన్న నొక్కు ఉంది.

మేస్త్రిగారు ఆ నొక్కు మీద వేలు పెట్టి, కాలినట్టు తీసేశారు. "అమ్మా... ఇది సారుది కదూ?"

పదిహేడో నంబరు. మామయ్య. అత్తయ్య పని నేర్చుకుంటున్న రోజుల్లో కాలు కోసం వచ్చి, నాలుగుసార్లు సాకెట్ కుదరక, అయిదోసారి కుదిరినా కుదర్లేదని అబద్ధం చెప్పి వస్తూ ఉండిపోయిన మనిషి. "అందరూ ఉన్న కాలు చూసి చేసుకుంటారు, మీ అత్త లేని కాలు చూసి చేసుకుంది," అని పెళ్లిరోజు కథ మాకు పదేపదే చెప్పేవాడు. రిజిస్టర్‌లో పదిహేడు ఎదురుగా ఎనిమిదేళ్లనాటి తేదీ ఉంది. నేనే చూశాను.

"ఆ రోజు సుత్తి చప్పుడు నేను విన్నానమ్మా, తలుపు బయటే ఉన్నా," అన్నారు మేస్త్రిగారు.

"పాత బకెట్ మీద కొట్టాను," అంది అత్తయ్య. "మీరు వినాలనే కొట్టాను. ఎంతమంది ఇళ్లవాళ్ల ముందు నీతులు చెప్పాను! నా దాకా వచ్చేసరికి చెయ్యి లేవలేదు."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. అచ్చుని బల్లకి బిగించడానికి దాని మధ్యలో పెట్టే ఇనపగొట్టం చూపించింది. కాగితాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి అందులోకి జారవిడిచి, మీద ప్లాస్టర్ పోసేసిందట. "నువ్వేగా ఎప్పటికీ పోని చోట అన్నావు. నాకు తెలిసి నేను ముట్టుకోలేనిది ఇదొక్కటే."

డ్రిల్లుతో గొట్టంలో ప్లాస్టర్ తీద్దామన్నాను. మేస్త్రిగారు తల అడ్డంగా ఊపారు. డ్రిల్లు కాగితాన్ని తునకలు చేస్తుంది, గొట్టమేమో తుప్పు పట్టి అచ్చుని కరుచుకుపోయింది, అచ్చు పగిలితే తప్ప రాదు. అయితే ముందు దీన్ని స్కాన్ చేసి, తర్వాత పగలగొడదాం అని నేను స్కానర్ దగ్గరికి పరుగెత్తాను. స్విచ్చి వేశాను. పాస్‌వర్డ్ కొట్టాను. ఆరంకెలు అడిగింది.

నా చేత్తో నేను పెట్టిన తాళం. ఒక్క మినహాయింపు కూడా లేకుండా పెట్టానని మురిసిపోయిన తాళం. సిగ్గుతో స్కానర్‌ని పట్టుకుని ఏడ్చాను.

"మూడు వారాలు చూద్దామత్తా. కాగితాలు పంపుదాం. వాళ్లు ఒప్పుకుంటారేమో," అన్నాను.

అత్తయ్య తలుపు సందులోంచి ముందుగదిలోకి చూసింది. కండక్టరమ్మ ఒళ్లో కాలుని అటు తిప్పి ఇటు తిప్పి, చీలికలో వేలు పెట్టి చూసుకుంటోంది.

"ఆవిడ బతికుంది," అంది అత్తయ్య. "సుత్తి ఇవ్వండి."

మేస్త్రిగారు ఇవ్వలేకపోయారు. ఆమే తీసుకుంది. ఈసారి తలుపు వేసుకోలేదు. ఎడమచెయ్యి అచ్చు మీద పెట్టి, ఆ నొక్కుని బొటనవేలితో ఒక్కసారి నిమిరింది. మొదటి దెబ్బకి పైపెచ్చు లేచింది. రెండో దెబ్బకి మోకాలు విడిపోయింది. ఆ చప్పుడు బకెట్ చప్పుడులా లేదు, పొడిగా, చిన్నగా ఉంది. అంత పెద్ద మనిషి కాలు అంత చిన్న చప్పుడుతో పోవడం నేను నమ్మలేకపోయాను. మూడో దెబ్బకి గొట్టం చేతికొచ్చింది. మేస్త్రిగారు ఇన్నాళ్లూ అచ్చులో పూడిపోయి ఉన్న కింది మూతిని గోడకేసి తట్టారు. ప్లాస్టిక్ చుట్ట జారి బల్ల మీద పడింది.

పది కోడ్లూ చెక్కుచెదరలేదు. అత్తయ్య చదివింది, నేను కొట్టాను. ఖాతా తెరుచుకుంది. ఆరువందల నలభై. కండక్టరమ్మది రెండువందల తొమ్మిది, పద్నాలుగు దిద్దుబాట్లతో సహా.

అత్తయ్య రిజిస్టర్ తెప్పించింది. పదిహేడు ఎదురుగా ఉన్న పాత తేదీని ఒక గీతతో కొట్టేసి, పక్కన ఈరోజు తేదీ వేసింది. ముక్కలు తనే ఏరి గోనెపట్టాలో పోసింది, ఎవర్నీ ముట్టనివ్వలేదు.

పాత కోడ్లు రద్దు చేసి కొత్తవి పది తీశాను. ప్రింటు ఇంకా వెచ్చగా ఉంది. ఆమెకి ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. ఆమే చెయ్యి చాపి తీసుకుని, కత్తెరతో మూడు ముక్కలు చేసింది. ఒకటి మేస్త్రిగారి జేబులో పెట్టింది, ఒకటి తన బొడ్లో దోపుకుంది, మూడోది నా చేతిలో పెట్టి నా వేళ్లు తనే మూసింది.

"ఈసారి బతికున్నవాళ్ల దగ్గర దాచుకుందామే," అంది.