పిల్లలు వద్దన్న లైను

మా లైబ్రరీలో డాక్టర్లకు వ్యాసాలు వెతికిపెట్టే పని పదకొండేళ్లుగా నాదే. ఒక జబ్బు మీద ఎక్కడ ఏం అచ్చయినా, ఒక్కటీ జారిపోకుండా ఏరి ఇవ్వాలి. నిరుడు ఇదే పనికి చిన్నమేడమ్ కొత్తగా చేరింది. అప్పటినుంచి ఆస్తమా డాక్టరు నా బల్ల దాటుకుని మరీ ఆమె దగ్గరికి వెళ్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"నీ కడుపుమంటకి మీ డాక్టర్ల దగ్గర మందు లేదా?" అని ఇంట్లో మా ఆయన వేళాకోళం.

ఈసారి డాక్టరు పెద్ద వ్యాసం మొదలుపెట్టాడు. వెతికినవాళ్ల పేరు కూడా రచయితల్లో వేస్తానన్నాడు. ఆ పేరు నాది కావాలని ఎంత ఆశపడ్డానో! వెతకడం ఆమెకిచ్చి, తప్పులు చూడటం నాకిచ్చాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

ఏవి వెతకాలో, ఏవి వద్దో కంప్యూటరుకి చెప్తూ ఆమె రాసిన నలభై లైన్లలో కోడిగుడ్డు మీద ఈకలు పీకుతూ కూర్చున్నాను. పద్నాలుగో లైనులో దొరికింది. కావలసింది పెద్దవాళ్ల ఆస్తమా కాబట్టి, పిల్లల మాట ఉన్న వ్యాసాలు వద్దని కంప్యూటరుకి చెప్పింది. దాంతో పిల్లలూ పెద్దలూ ఇద్దరూ ఉన్నవి కూడా ఎగిరిపోయాయి. విడిగా పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు.

మర్నాడు మీటింగులో, "మూడొందల పన్నెండు వ్యాసాలు పోయాయి సార్," అన్నాను లెక్కతో సహా.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోయారమ్మా?"

"పొరపాటైంది సార్," అంది చిన్నమేడమ్ తల వంచుకుని.

"ఇకనుంచి ఈ పని మీరే చూడండి," అన్నాడాయన నాతో. నా కాళ్లు నేలమీద నిలవలేదు.

మళ్లీ మొదటినుంచి రాయడమెందుకని, ఆరేళ్ల కిందట నేను చేసిన ఆస్తమా ఫైలు తెరిచాను. అందులో అదే లైను. అవే ఆరు మాటలు, అదే వరసలో. చిన్నమేడమ్ నన్ను చూసి రాసుకుంది. నా ఫైలు పట్టుకుని రాసిన అప్పటి వ్యాసం అచ్చయి కూడా అయిదేళ్లయింది.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. "ఆ లైను నాది కదా? అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"మీరంత సంతోషంగా చెప్తుంటే మధ్యలో ఏం అడ్డుపడనక్కా," అంది.

డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. వెళ్లి చెప్పాలంటే నాలుగడుగులు. నేను వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.