కంపెనీ హాజరు

కోర్టులో నా పని అరవడం. తలుపు దగ్గర నిలబడి పార్టీ పేరు మూడుసార్లు పిలవాలి. వాళ్ళు "ఉన్నాను" అనాలి. నీ కేక పడందే జడ్జీగారికైనా పని మొదలవదురా అని మా అన్నయ్య వేళాకోళం చేసేవాడు. రంగుల కంపెనీలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై నిరుడు పోయాడు.

"ఆ కంపెనీ నా మొగుణ్ణి పొట్టన పెట్టుకుంది" అని వదిన పేపరువాళ్ళతో అంది. తన పరువు పోయిందని కంపెనీ వెంటనే కేసు పెట్టింది. దేశదేశాల్లో ఆఫీసులున్నదానికి మా వదిన మాటకే పోయేంత సుకుమారమైన పరువు! వదినా ఊరుకోలేదు. మనిషిగా బతికే హక్కును కాలరాశారని తనూ ఒకటి వేసింది. రెండూ ఒకే రోజు విచారణకొచ్చాయి. ఆవిడ నాకేమవుతుందని ఎవరూ అడగలేదు. బంట్రోతుకీ చుట్టాలుంటారని ఎవరికి తోస్తుంది?

ముందు కంపెనీది. పిలిచాను. మామూలుగా వాళ్ళ లాయరే లేచి పలుకుతాడు. ఆయన నోరు విప్పేలోపే పక్కనున్న ఖాళీ కుర్చీలోంచి "ఉన్నాను" అని వినిపించింది.

అన్నయ్య గొంతు. దగ్గు ఆపుకుంటూ మాట్లాడే ఆ గొంతే. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "విన్నావా?" అంది. నాకు భయం కన్నా కోపమే ఎక్కువొచ్చింది. ఊపిరి లాక్కున్నారు సరే, గొంతు కూడానా?

జడ్జీగారు తలెత్తకుండానే "హాజరు" అని రాసుకుని, వదినను క్షమాపణ చెప్పమన్నారు. ఆ కుర్చీ వైపు చూస్తూ చెప్పింది.

తర్వాత వదిన కేసు. లాయరు లేచాడు. "అయ్యా, అంతర్జాతీయ మానవ హక్కుల చట్టానికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వాలు. దాని ముందు మా కంపెనీ మనిషి కాదు."

"ఇందాక పరువున్న మనిషేగా?" అన్నారు జడ్జీగారు.

"హక్కులకు మనిషేనండి. బాధ్యతలకు కాదు."

జడ్జీగారు విసుక్కుని నా వైపు తిరిగారు. "పిలవవయ్యా. పలికితే కేసు నడుస్తుంది. పలక్కపోతే కొట్టేస్తాను."

గొంతు చించుకుని కంపెనీ పేరు పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడోసారి నేను పిలిచేలోపే వదినే ముందుకొచ్చి, పెళ్ళయిన నాటి నుంచీ పిలిచే పిలుపే పిలిచింది.

"ఏవండీ!"

కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. గదిలో అందరూ విన్నారు.

"దగ్గు హాజరు కిందికి రాదండి," అన్నాడు లాయరు చెమట తుడుచుకుంటూ.

జడ్జీగారు కుర్చీ వైపు చాలాసేపు చూశారు. చివరికి "ఎవరూ పలకలేదు" అని రాసి, కేసు కొట్టేసి లేచిపోయారు.

గది ఖాళీ అయింది. వదిన ఏడవలేదు. కుర్చీ ముందు నిలబడి, "పదండి ఇంటికి. ఇక్కడ మీకేం పని?" అంది. నేను తలుపు తెరిచి పట్టుకున్నాను.

"రాలేనే," అన్నాడు అన్నయ్య మెల్లగా. "మధ్యాహ్నం కంపెనీది ఇంకో కేసుంది. నేనే పలకాలి."